ఏసీ, కూలర్, గీజర్ సర్వీసు లెక్క ఎక్కడ రాసుకోవాలి? గోడ క్యాలెండర్ నుంచి ఏఎంసీ దాకా ఒక పోలిక

హనుమకొండ అయినా కరీంనగర్ అయినా, ఏసీ మెకానిక్ ఇంట్లోకి రాగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: చివరిసారి సర్వీసు ఎప్పుడు చేయించారు? నిరుడు ఎండాకాలమని అమ్మ, కాదు దసరా ముందని నాన్న, అసలు చేయించామా అని పిల్లలు. ఎవరి జవాబు వారిదే. ఆ తర్వాత అతను బయటి యూనిట్ దగ్గర కాసేపు కూర్చుని "గ్యాస్ తగ్గింది" అంటే, అవునో కాదో తేల్చడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

నిజానికి ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతికి అతకకుండా ప్రతి మార్చిలో గ్యాస్ నింపించుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. "పోయిన మార్చి 14న నింపారు, లీకు చూడలేదు" అన్న ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ ఏడాది సంభాషణ వేరుగా నడుస్తుంది. సర్వీసు లెక్క రాసుకోవడంలో అసలు లాభం ఇది. తేదీ గుర్తుండటం దాని తర్వాతే.

ఎక్కడ రాయాలన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. యాప్ వేసుకోవాలా, పుస్తకం పెట్టాలా, కంపెనీతో వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) చేసుకుని నిశ్చింతగా ఉండాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెకానిక్ వచ్చినప్పుడు తలుపు తీసేది ఎవరో వారి చేతికి అందే పద్ధతే మీ ఇంటికి సరైనది. మిగతా సౌకర్యాలన్నీ ఆ తర్వాతి సంగతి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదట చూడాల్సింది, ఆ పద్ధతి గుర్తు చేస్తుందా, లేక గుర్తు పెట్టుకుంటుందా అన్నది. ఈ రెండూ వేర్వేరు పనులు. ఫోనులో అలారం గుర్తు చేస్తుంది కానీ, మూడేళ్ల కింద కెపాసిటర్ మార్చిన సంగతి చెప్పదు. పుస్తకం ఆ సంగతి చెబుతుంది కానీ, ఫిబ్రవరిలో తనంతట తానుగా పిలవదు. ఒకే పద్ధతి రెండు పనులూ బాగా చేయడం అరుదు. అందుకే చాలా ఇళ్లకు రెండు పద్ధతుల జోడీ కావాలి.

రెండోది, ఇంట్లో ఎవరైనా చదవగలగాలి, రాయగలగాలి. ఒక్కరి ఫోనులో, ఒక్కరి పాస్‌వర్డు వెనక ఉన్న లెక్క ఆ ఒక్కరూ ఊళ్లో లేని రోజున పనికిరాదు.

మూడోది రుజువు. వారంటీ గొడవ వచ్చినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాల్సి వచ్చినా అడిగేవి బిల్లు, సీరియల్ నంబరు, జాబ్ షీటు (చేసిన పని రాసిచ్చే కాగితం). మన చేతిరాత అక్కడ సహాయపడుతుంది గానీ బిల్లుకు బదులు కాదు.

నాలుగోది ఆయుష్షు. ఏసీ పదేళ్లు ఉంటుంది. ఈలోగా ఫోను రెండు మూడుసార్లు మారుతుంది, ఇల్లు కూడా మారవచ్చు. అప్పటికీ ఆ లెక్క మిగలాలి.

## ఉత్తర తెలంగాణ ఇళ్లకు ఏ తేదీలు?

యంత్రాలతో వచ్చే పుస్తకాల్లోని గడువులు సగటు ఇంటికి రాసినవి. మన దగ్గర దుమ్ములో చాలా రకాలున్నాయి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి సీజన్‌లో నూగు ఫిల్టరు జాలీని పొరలా కప్పేస్తుంది. గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ దుమ్ము, రైస్ మిల్లుల పక్కన ఊక. అందుకని సీజన్‌లో రెండు వారాలకోసారి ఫిల్టరు కడగమనే మామూలు సలహా ఇలాంటి చోట వారానికోసారి అవుతుంది. కొన్ని ఏసీల్లో ఫిల్టరు శుభ్రం చేయమని దీపం వెలుగుతుంది. చాలా మోడళ్లలో అది ఏసీ నడిచిన గంటలను లెక్కపెట్టి వెలిగేదే, దుమ్మును కొలిచేది కాదు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

నీటి సంగతీ అంతే. బోరు నీటిలోని ఉప్పు గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చుగా పేరుకుంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ కూడా బోరు నీటికి త్వరగా అరిగిపోతుంది. నల్లా నీళ్లు మాత్రమే వాడే ఇంట్లో రెండేళ్లకోసారి విప్పి చూస్తే సరిపోయే గీజర్‌ను బోరు నీళ్ల ఇంట్లో ఏటా చూడాలి. మీ లెక్కలో మొదటి పేజీలోనే "బోరు" అనో "నల్లా" అనో రాసి పెట్టండి. కొత్త మెకానిక్‌కు అదే చాలా విషయం చెబుతుంది.

తేదీలను అంకెలకు కాకుండా పండుగలకు, కార్తెలకు ముడిపెడితే ఎవరూ మరిచిపోరు.

| ఎప్పుడు | ఏం చేయాలి | ఏం రాసుకోవాలి |
|---|---|---|
| శివరాత్రి దాటగానే | ఏసీ లోపలి, బయటి యూనిట్లకు నీళ్ల సర్వీసు. కూలర్ గడ్డి మార్చడం, పంపు, ఎర్తింగ్ చూడటం | గ్యాస్ ముట్టుకున్నారా లేదా, మార్చిన విడిభాగాలు |
| ఉగాది నుంచి మృగశిర దాకా | వారం లేదా రెండు వారాలకోసారి ఫిల్టరు. ప్రతి శుక్రవారం కూలర్ తొట్టి ఖాళీ చేసి రుద్దడం | టిక్కు చాలు |
| మృగశిర దాటి వానలు పట్టాక | కూలర్ ఎండబెట్టి కప్పడం; ఏసీ డ్రెయిన్ పైపు | నీళ్లు కారిన గుర్తులు |
| దసరా శుభ్రాలప్పుడు | ఏసీ రెండో సర్వీసు | తేదీ, ఇచ్చిన డబ్బు |
| దీపావళి లోపు | గీజర్ కాయిల్, కడ్డీ, సేఫ్టీ వాల్వు | కడ్డీ ఎంత మిగిలింది |

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. సరిగ్గా ఆ రోజుల్లో మెకానిక్‌లు ఖాళీగా దొరుకుతారు. రోహిణి కార్తెలో ఫోన్ చేస్తే "రేపు" అన్న మాట వారం దాకా సాగుతుంది. ఆదిలాబాద్ వైపు చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది కాబట్టి అక్కడ గీజర్ వరుసను దసరాకే జరపడం మంచిది.

కూలర్‌కు శుక్రవారమే ఎందుకంటే, నిల్వ నీళ్లు ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డేను ఆరోగ్య శాఖ పాటించమనేది ఆ రోజునే. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచున తొట్టి గోడకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. అందుకే బ్రష్‌తో రుద్దాలి.

## ఇక పద్ధతులు ఒక్కొక్కటిగా

గోడ క్యాలెండర్. పాల లెక్క, గ్యాస్ బండ తెచ్చిన తేదీ, చీటీ కట్టిన రోజు ఇప్పటికే దాని మీదే ఉంటాయి. తిథులు, కార్తెలు, పండుగలు అచ్చయి ఉంటాయి కాబట్టి పై పట్టికను జనవరిలోనే దాని మీదకు ఎక్కించవచ్చు. పెన్ను దారంతో కట్టి ఉంటుంది, కరెంటు లేకపోయినా పనిచేస్తుంది. గుర్తు చేయడంలో దీన్ని మించింది లేదని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే ఇంట్లో అందరి కళ్లూ రోజూ పడేది దాని మీదే. దీనికి ఉన్న జబ్బు ఒకటే. ఏడాది మారగానే పాత క్యాలెండర్ పుస్తకాలకు అట్టలుగా వెళ్లిపోతుంది, దానితో పాటు చరిత్రా పోతుంది. డిసెంబరు చివర్లో ఆ రాతలను పుస్తకంలోకి ఎక్కించే అలవాటు ఉంటేనే దీన్ని నమ్మాలి.

నోటుబుక్కు, బిల్లుల ఫైలు. వంద పేజీల పుస్తకం, ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. ఒక్కో యంత్రానికి కొన్ని పేజీలు కేటాయించి, మొదటి పేజీలో మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ఏసీ అయితే గ్యాస్ రకం (ఆర్-32, ఆర్-410ఏ, పాతదైతే ఆర్-22) రాస్తే చాలు. గ్యాస్ రకం తప్పకుండా రాయండి. ఒకదానికి బదులు ఇంకొకటి నింపకూడదు, ఆర్-32కు మండే స్వభావం కొంత ఉంది కాబట్టి దానితో పని చేసే తీరూ వేరు. చరిత్రకు, ఆయుష్షుకు పుస్తకమే మేలు. ఫైలు విషయంలో ఒక జాగ్రత్త అవసరం: దుకాణాల్లో ఇచ్చే నున్నటి కాగితం బిల్లుల మీద అచ్చు ఏడాది రెండేళ్లలో వెలిసిపోతుంది. తెచ్చిన రోజే ఫోటో తీయాలి, లేదా జిరాక్సు తీయించాలి.

అన్నట్టు, కరెంటు బిల్లులనూ ఇదే ఫైలులో పెట్టండి. ఉత్తర తెలంగాణలో ఇళ్లకు కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ బిల్లులో యూనిట్లు ఉంటాయి. నిరుడు ఏప్రిల్‌లో ఎన్ని, ఈ ఏప్రిల్‌లో ఎన్ని అని పక్కపక్కన పెడితే, మురికి పట్టిన కాయిల్ సంగతి మెకానిక్ కంటే ముందే బయటపడవచ్చు. ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం. 200 యూనిట్ల గీత దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

యంత్రం మీదే రాత. మెకానిక్‌లు స్టెబిలైజర్ మీదో, బయటి యూనిట్ పక్కనో స్కెచ్ పెన్నుతో తేదీ వేసి పోతుంటారు. చూడటానికి ముతకగా ఉన్నా అది మంచి అలవాటు. లెక్క యంత్రంతో పాటే ఉంటుంది, ఇల్లు మారినా దానితోనే వస్తుంది. చిన్న స్టిక్కరు మీద రాసి లోపలి యూనిట్ పక్క భాగాన అంటిస్తే ఎండకు వెలవదు. రెండు మూడు వాక్యాలకు మించి పట్టవు, అదే దీని పరిమితి.

ఫోన్ క్యాలెండర్. "ప్రతి ఏడాది ఫిబ్రవరి చివరి ఆదివారం" అని ఒకసారి పెడితే ఏళ్ల తరబడి పిలుస్తుంది. భార్యాభర్తలిద్దరి ఖాతాలకూ కలిపి పెట్టవచ్చు. పిలుపు ఎప్పుడు మోగాలో జాగ్రత్తగా ఎంచుకోవాలి. మంగళవారం పొద్దున ఆఫీసు బస్సులో మోగితే వేలితో పక్కకు తోసేస్తారు, అంతే సంగతులు. ఆదివారం పది గంటలకు, ఇంట్లో ఉన్నప్పుడు మోగాలి.

వాట్సాప్ గ్రూపు. ఇంటివాళ్లు నలుగురితో "మా ఇంటి యంత్రాలు" అని ఒక గ్రూపు. మెకానిక్ ఉన్నప్పుడే బిల్లు ఫోటో, మార్చిన భాగం ఫోటో, కింద ఒక వాక్యం. టైపు చేయడం రాని వారు మాట రికార్డు చేసి పెట్టవచ్చు. కానీ తర్వాత వెతికితే దొరికేది రాసిన వాక్యమే కాబట్టి ఎవరో ఒకరు "హాలు ఏసీ కెపాసిటర్" అని ఒక ముక్క కింద చేర్చాలి. సందేశాలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఆ గ్రూపులో ఆపి ఉంచాలి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లకు ఇంతకన్నా సులువైన దారి నాకు కనిపించలేదు.

గూగుల్ షీటు, ప్రత్యేక యాప్‌లు. షీటు శుభ్రంగా ఉంటుంది, ఏడాది ఖర్చు కూడిక అదే వేస్తుంది. ఇంట్లో లెక్కల మీద సరదా ఉన్నవారు ఒకరుంటే బాగా నడుస్తుంది, వారు విసిగిన రోజున ఆగిపోతుంది. ఇంటి నిర్వహణ యాప్‌ల విషయంలో నాకు పెద్ద ఆశ లేదు. చాలావాటిలో ముందే రాసి ఉన్న పనుల జాబితా ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసులు, ఇల్లంతా తిరిగే గాలి గొట్టాలు ఉన్న దేశాలకు తగినది. ఫిల్టరు కొత్తది కొనమని గుర్తు చేస్తుంది, మనదేమో కడిగి పెట్టుకునే జాలీ. కూలర్ గడ్డి, స్టెబిలైజర్, నీళ్లు కాచే రాడ్డు వాటిలో కనిపించవు.

కంపెనీ యాప్. వారంటీ ఉన్నన్నాళ్లు దీనికి విలువ ఉంది. ఫిర్యాదు నంబరు, వచ్చిన తేదీ, చేసిన పని కంపెనీ రికార్డులోనే ఉంటాయి కాబట్టి రుజువుకు ఢోకా లేదు. కానీ బయటి మెకానిక్‌తో చేయించింది అందులో ఎక్కదు. మూడు కంపెనీల వస్తువులుంటే మూడు యాప్‌లు. పని ముగిశాక టెక్నీషియన్ మీ ఫోనుకు వచ్చిన కోడ్ అడుగుతాడు. అది చెబితే ఫిర్యాదు తీరినట్టే లెక్క. ఏసీ అరగంట నడిపించి, చల్లగాలి చూసుకున్నాకే చెప్పండి. "కోడ్ చెప్పండి, పార్టు రేపు తెస్తాను" అంటే మర్యాదగా కుదరదనాలి.

ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం. చాలామంది దీన్ని లెక్క రాసుకునే బాధ తప్పించేదిగా చూస్తారు. ఇది సేవను కొనడం, లెక్కను కొనడం కాదు. ఏడాదికి మూడు సర్వీసులని ఒప్పందంలో ఉంటే, మూడోది జరిగిందో లేదో చూసుకోవాల్సింది మనమే. ఇందులో రెండు రకాలు. ఒకటి సర్వీసు, కూలి మాత్రమే ఇచ్చేది. రెండోది విడిభాగాలు, కొన్నిచోట్ల గ్యాస్ కూడా కలిపి ఇచ్చేది. సంతకానికి ముందు పీసీబీ (ఏసీలోని ఎలక్ట్రానిక్ బోర్డు), కంప్రెసర్, గ్యాస్, కాయిల్ అనే నాలుగు మాటలూ ఒప్పందంలో ఎటువైపు ఉన్నాయో చూడండి. ప్లాస్టిక్ భాగాలు సాధారణంగా బయటే ఉంటాయి. కోతులు పైపు పీకేసిన నష్టం లోపలా బయటా అన్నది మన ఊళ్లలో తప్పక అడగాల్సిన ప్రశ్న. డాబా మీద పెట్టిన బయటి యూనిట్ల రాగి పైపులకు చుట్టిన నల్లటి తొడుగును కోతులు చీల్చిపెట్టడం వరంగల్‌లో కొత్త కాదు. పరకాల, నర్సంపేట లాంటి చోట ఉంటే వచ్చి పోయే చార్జీల గురించీ ముందే తేల్చుకోండి.

తెలిసిన మెకానిక్. పదేళ్లుగా వచ్చే మనిషి ఉంటే అది అదృష్టమే. మన ఇంటి వైరింగుతో సహా అతనికి తెలుసు. కానీ మే నెలలో అతను ఎక్కే మెట్లు ఎన్నో, చూసే ఏసీలు ఎన్నో. అతని జ్ఞాపకాన్ని మీ పుస్తకానికి బదులుగా పెట్టుకోవద్దు. అతనితోనే పుస్తకంలో నాలుగు మాటలు రాయించండి. ఎవరూ కాదనరు.

| పద్ధతి | గుర్తు చేస్తుందా | చరిత్ర నిలుస్తుందా | అందరికీ అందుతుందా | రుజువుగా |
|---|---|---|---|---|
| గోడ క్యాలెండర్ | బాగా | ఏడాదే | బాగా | పనికిరాదు |
| పుస్తకం, ఫైలు | చేయదు | బాగా | బాగా | బిల్లులుంటే గట్టిది |
| యంత్రం మీద రాత | కొంత | కొంత | బాగా | బలహీనం |
| ఫోన్ క్యాలెండర్ | బాగా | తక్కువ | ఒకరిద్దరికి | పనికిరాదు |
| వాట్సాప్ గ్రూపు | చేయదు | బ్యాకప్ ఉంటే | ఫోనున్న అందరికీ | ఫోటోలుంటే మంచిది |
| షీటు | పెట్టుకుంటే | బాగా | తక్కువ | బలహీనం |
| కంపెనీ యాప్ | కొంత | వారి పనులు మాత్రమే | ఒకరికి | గట్టిది |
| ఏఎంసీ | కొంత | జాబ్ షీట్లు దాస్తే | వర్తించదు | గట్టిది |

## ఎవరికి ఏది?

పెద్దవాళ్లిద్దరే ఉండే ఇల్లయితే గోడ క్యాలెండర్, దాని వెనక మేకుకు తగిలించిన ఫైలు, పిల్లలున్న వాట్సాప్ గ్రూపు. యాప్‌లు వారి మీద రుద్దవద్దు. ఏఎంసీకి డబ్బు పెట్టడం సమంజసమయ్యేది కూడా ఎక్కువగా ఇలాంటి ఇళ్లకే. తక్కువ ధర దొరుకుతుందని కాదు, మే నెలలో ఎవరిని పిలవాలన్న ప్రశ్న ఉండదని.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో పగలంతా ఎవరూ ఉండరు. ఇక్కడ ఫోన్ క్యాలెండర్, ఫోటోలు చాలు. వారంటీ తీరేదాకా కంపెనీ యాప్‌ను వదలవద్దు. వారంటీ ముగిసే తేదీకి నెల ముందు ఒక పిలుపు పెట్టుకోండి. సన్నగా చప్పుడు వస్తోందని వాయిదా వేస్తున్న ఫిర్యాదేదైనా ఉంటే అప్పుడే రాయించాలి. కంప్రెసర్‌కు, పీసీబీకి, మొత్తం ఏసీకి వారంటీ గడువులు వేర్వేరుగా ఉంటాయి. మూడు తేదీలూ విడివిడిగా రాసుకోవాలి.

అద్దె ఇంట్లో ఉండే వారి చిక్కు వేరు. నిట్ దగ్గరో కాజీపేటలోనో గదిలో గీజర్ ఓనరుది, ఏసీ మీది అయి ఉంటుంది. దిగిన రోజే గీజర్ స్థితి ఫోటో తీసి ఓనరుకు పంపండి. రిపేరు డబ్బు ఎవరు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు ఆ సందేశం తేదీతో సహా ఉంటుంది. మీ ఏసీకి మాత్రం స్టిక్కరు రాత చాలా ఉపయోగం. విప్పి బిగించిన ప్రతిసారీ పైపు జాయింట్ల దగ్గర లీకుకు అవకాశం ఉంటుంది కాబట్టి, ఎప్పుడు విప్పారు, ఎవరు బిగించారు, గ్యాస్ కలిపారా అన్నవి తప్పక ఉండాలి.

నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చిన ఓనరుకైతే షీటు నిజంగా పనికొస్తుంది. నాలుగు గీజర్లు, రెండు మోటార్లు, ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్లు అన్నీ ఒకచోట కనిపిస్తాయి.

కూలర్, నీళ్లు కాచే రాడ్డు మాత్రమే ఉన్న ఇంటికి ఈ హంగామా అక్కర్లేదు. క్యాలెండర్ మీద శుక్రవారం టిక్కులు చాలు. ఒక్కటి మాత్రం వేరే రాసుకోండి: ఇనుప బాడీ కూలర్‌కు ఎర్తింగ్ ఎప్పుడు చూపించారు అన్నది. తడి చేతులు, తడి నేల, ఇనుప డబ్బా కలిసే చోట అదే ప్రాణాధారం. ఇంటి మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి చూసిన తేదీ కూడా.

## రాసే తీరు

"ఏసీ సర్వీసు, 600" అన్న రాత వచ్చే ఏడాది ఎవరికీ ఏమీ చెప్పదు. ఇలా ఉండాలి:

*మార్చి 2. హాలు ఏసీ. నీళ్ల సర్వీసు, లోపలా బయటా. డ్రెయిన్ పైపులో నాచు, ఊది తీశారు. గ్యాస్ ప్రెషర్ చూశారు, కలపలేదు. బయటి ఫ్యాన్ కెపాసిటర్ ఉబ్బింది, మార్చారు, పాతది మన దగ్గరే ఉంది. సర్వీసు 600, కెపాసిటర్ వేరు. బిల్లు ఫైలులో.*

గ్యాస్ కలపలేదన్న మాటను కూడా రాయడం గమనించండి. జరగని పనిని రాసుకోవడం వింతగా ఉంటుంది గానీ, వచ్చే మార్చిలో ఎక్కువ పనికొచ్చే మాట అదే.

ఈ రోజే మొదలుపెట్టాలనుకుంటే బయటి యూనిట్ పక్కనున్న స్టిక్కరు దగ్గరికి వెళ్లండి. మోడల్, సీరియల్ నంబరు, గ్యాస్ రకం, గ్యాస్ ఎన్ని గ్రాములో దాని మీదే అచ్చయి ఉంటాయి. పడమటి ఎండ తగిలే గోడ మీద ఉంటే ఆ అక్షరాలు కొన్నేళ్లకు కనిపించకుండా పోతాయి. ముందు దాన్ని ఫోటో తీసి, పుస్తకం మొదటి పేజీలో ఎక్కించి, ఆ తర్వాత పద్ధతి ఏదన్నది తీరిగ్గా ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవచ్చు.